ఇస్త్రీ పిల్ల పెరోల్

"నిన్న సాయంత్రం పెద్దమ్మ నీతో ఏం మాట్లాడింది?"

అమ్మాయి బల్ల అంచుకేసి చూసింది.

"పోనీ, ఆవిడ ఎవరికి ఫోన్ చేసింది?"

స్టేషన్లో ఆ చిన్న గదిలో బల్లకి అవతల తల వంచుకుని కూర్చుంది. పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి గాని, భయపడుతున్నట్టు లేదు. ఏదో మాటని పళ్ల బిగువున ఆపుకుని కూర్చున్నట్టుంది.

ఎదురుగా కూర్చున్న ప్రైవేటు డిటెక్టివ్‌ని పోలీసులందరూ నిదానం అని పిలుస్తారు. అసలు పేరు ఆయన భార్యకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. మెట్లెక్కినా, టీ తాగినా, నేరస్థుణ్ణి ప్రశ్నించినా ఒకటే నడక. మామూలుగా కేసు ఒప్పుకునే ముందు కూడా రెండ్రోజులు ఆలోచిస్తాడు. ఈ కేసుకి మాత్రం ఆలోచించలేదు. దెబ్బ తిన్నది పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే ఎవరికీ చుట్టం కాదు, పెరోల్ ఆఫీసరు. జువెనైల్ హోమ్‌లో శిక్ష సగం పూర్తి చేసి, నడవడిక బాగుందనిపించుకున్న పిల్లల్ని పెరోల్ బోర్డు ముందు నిలబెట్టి, షరతుల మీద బయటికి తెచ్చి, పనిలో పెట్టించి, ఆ తర్వాత కూడా వారం వారం వెళ్లి తిన్నారా, పడుకున్నారా అని కనుక్కునే మనిషి. ఆవిడ చేతి మీదుగా బయటపడ్డవాళ్లంతా ఆవిడని పెద్దమ్మా అనే పిలుస్తారు. అలాంటావిడ నిన్న సాయంత్రం ఈ అమ్మాయి పనిచేసే లాండ్రీలో, దుప్పట్లు ఆరబెట్టే వేడిగదిలో తల పగిలి పడి ఉంది. తలుపుకి బయటినుంచి గడియ. తలుపు తీసి, అంబులెన్సుకి ఫోన్ చేసింది ఈ అమ్మాయే. పోలీసులు పట్టుకున్నదీ ఈ అమ్మాయినే.

"సార్, పెద్దమ్మకి తెలివొచ్చిందా?" అంది అమ్మాయి ఉన్నట్టుండి.

"ఇంకా లేదమ్మా. ప్రాణానికి భయం లేదంటున్నారు డాక్టర్లు."

అమ్మాయి రెండు చేతులతోనూ ముఖం కప్పుకుంది. నిదానం జేబులోంచి చేతిరుమాలు తీసి బల్లమీద పెట్టాడు.

"నేను పోలీసుని కాదు. నాకు చెప్తే కేసు కట్టడం, సంతకం పెట్టించుకోవడం ఉండవు. నువ్వు కొట్టలేదని నేననుకోవడానికి ఒక్క మాట చెప్పు చాలు."

అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"హోమ్‌లో గడియలన్నీ బయటే ఉంటాయి సార్. లోపల ఏ తలుపుకీ ఉండవు. నన్ను బయటికి తెచ్చినరోజు పెద్దమ్మ ఓనరమ్మతో పోట్లాడి నా గదికి లోపలివైపు గడియ పెట్టించింది. ఆ రాత్రి నేను దాన్ని వేశాను, తీశాను, మళ్లీ వేశాను. అది నిజంగా పడిందో లేదో నాకు నమ్మకం కుదరలేదు. ఆవిడ ఇంటికి పోకుండా బయటే నిలబడి, 'పడింది తల్లీ, బాగానే పడింది, ఇంక పడుకో' అంది. అలాంటి మనిషికి నేను బయట గడియ పెడతానా?"

నిదానం గ్లాసు అందుకున్నాడు. మంచినీళ్లు తాగి, గ్లాసు బల్లమీద పెట్టాడు.

"పెట్టవు. మరి ఆవిడ ఏం మాట్లాడిందో చెప్పడానికేం?"

"చెప్తే నన్ను మళ్లీ లోపలేస్తారు. నన్నొక్కదాన్నే అయితే ఫర్వాలేదు..." అంటూ చప్పున ఆగిపోయింది.

ఇంకెన్ని విధాల అడిగినా అంతకు మించి ఒక్క మాట రాలేదు. కానీ నిదానం చూపు రుమాలు మీద పడింది. తడిసిన రుమాలుని అమ్మాయి ధ్యాస లేకుండానే బల్లమీద పరిచి, అరచేత్తో నొక్కి, అంచుకి అంచు కలిపి మడిచింది. కొట్లో కొన్నరోజు కూడా దానికి అంత చక్కటి మడత లేదు.

తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ తల లోపలికి పెట్టాడు.

"అక్క ఫోన్ చేసి బతిమాలింది కాబట్టి ఇంతసేపు ఊరుకున్నాను. టైమైపోయింది బావా."

ఇన్‌స్పెక్టర్ నిదానానికి స్వయానా బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇంట్లో ఒకే కంచం దగ్గర కూర్చునే ఇద్దరూ కేసు దగ్గరికొస్తే ఉప్పూ నిప్పూ.

"ఏం చెప్పింది?" అన్నాడు వరండాలో.

"నీకు చెప్పనిదే నాకూ చెప్పలేదు. కారణం ఏమిటంటున్నావు నువ్వు?"

"హోమ్ వర్క్‌షాపు సూపరింటెండెంటే చెప్పాడు. పెద్దమ్మ నిన్న ఆయనకి ఫోన్ చేసి, పిల్ల షరతులు తప్పింది, రేపే పెరోల్ రద్దు చేయిస్తానందట. మళ్లీ లోపలికి వెళ్లాల్సొస్తుందని తెలిసి కొట్టింది. ఇంతకంటే ఏం కావాలి?"

"ఫోన్ చేసిన మాట?"

"నిజమే. లాండ్రీ ఫోన్ నుంచి హోమ్‌కి కాల్ వెళ్లింది."

"అందులో ఏం మాట్లాడుకున్నారన్నది?"

"ఆయన చెప్తున్నాడుగా!"

"అవును, ఆయనొక్కడే చెప్తున్నాడు."

ఇన్‌స్పెక్టర్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "అసలు ఆ పిల్లని బయటికి పంపడమే తప్పు. హోమ్‌లో దాన్ని 'మాడు' అనే పిలిచేవాళ్లు. ఇస్త్రీపెట్టె చేతికిస్తే బట్ట కాల్చకుండా తిరిగిచ్చేది కాదట. ఒక్క పనీ నేర్చుకోలేదు. మధ్యాహ్నం బోర్డు కూర్చుంటోంది. నిన్నటి గొడవతో అసలు ముందస్తు విడుదలలన్నీ ఆపేస్తారంటున్నారు. ఈ పిల్లని సూపరింటెండెంట్ వచ్చి తీసుకుపోతాడు."

నిదానం వింటూనే మెట్లు దిగుతున్నాడు. "లాండ్రీ ఓసారి చూసొస్తాను."

"నేనూ వస్తా. నువ్వు ఏ ముక్క తీసి జేబులో వేసుకుంటావో!"

లాండ్రీ ఓనరమ్మకి దవడ వాచి ఉంది. నిన్న సాయంత్రం పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. అందుకే కొట్లో అమ్మాయీ పెద్దమ్మా తప్ప ఎవరూ లేరు. ఆ పీకిన పన్నునీ, ఆ వేళలో తను కొట్లో లేకపోవడాన్నీ కలిపి తిట్టుకుంటూ ఆవిడ వాళ్లని లోపలికి తీసుకెళ్లింది.

వేడిగది కొట్టు వెనక ఉంది. ఇరుకు గది. గోడల పొడుగునా గొట్టాలు, అడ్డంగా తీగలు, తీగల మీద ఆరిపోయిన దుప్పట్లు. ఇనుప తలుపు, బయట బరువైన గడియ. తలుపు పక్కన వేడి పెంచి తగ్గించే మర ఉంది. దాని చుట్టూ ఎడమవైపు 'తక్కువ' అనీ, కుడివైపు 'ఎక్కువ' అనీ రాసి ఉంది. మర ముల్లు కుడివైపు చివరంటా తిరిగి ఉంది.

"చూశావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కొట్టి, గడియ పెట్టి, ఆపైన వేడి పూర్తిగా పెంచింది. దెబ్బకి చావకపోతే ఉడికి చావాలని. నిన్న ఇది చూసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు బావా."

నిదానం ఓనరమ్మ వైపు తిరిగాడు. "మామూలుగా ఇది ఎక్కడుంటుందమ్మా?"

"నడిమధ్యన. మేం దాన్ని కదపనే కదపం."

"నిన్నటి తర్వాత ఎవరైనా ముట్టుకున్నారా?"

"పోలీసులు గోడమీద మెయిన్ స్విచ్చి ఆపారు. మర మీద వేలిముద్రలు చూసి, ఎలా ఉన్నది అలాగే వదిలేశారు."

"ముద్రల్లేవు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గుడ్డతో పట్టుకుని తిప్పారు. లాండ్రీలో గుడ్డలకేం కొదవ."

నిదానం స్విచ్చి వెయ్యమన్నాడు. తను లోపలికి వెళ్లి గొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ బయట పచార్లు చేశాడు, గడియారం చూసుకున్నాడు, ఎవరికో ఫోన్ చేసి కసిరాడు. నిదానం చెయ్యి తియ్యలేదు.

"బావా, ఇక్కడ కాపురం పెడతావా?"

"లోపలికి రా. నువ్వూ చెయ్యి వెయ్యి."

వేశాడు. గొట్టం గోరువెచ్చగా కూడా లేదు.

నిదానం బయటికొచ్చి మరని ఎడమవైపు, 'తక్కువ' అన్న వైపు చివరంటా తిప్పాడు. కాసేపటికి గొట్టాలు టకటకమన్నాయి. ఇంకాసేపటికి ఇన్‌స్పెక్టర్ "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఓనరమ్మ దవడ పట్టుకునే నవ్వేసింది. "అయ్యయ్యో, చెప్పడమే మరిచిపోయా! ఆ మర విరిగితే మెకానిక్ కొత్తది తిరగేసి బిగించి పోయాడు. కుడికి తిప్పితే తగ్గుద్ది, ఎడమకి తిప్పితే పెరుగుద్ది. వాణ్ణి ఎన్నిసార్లు తిట్టుకున్నానో!"

"ఇక తిట్టకండి," అన్నాడు నిదానం. "ఆ మహానుభావుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. అతని వంకర పనే పెద్దమ్మని బతికించింది. మీ అమ్మాయికి ఈ సంగతి తెలుసా?"

"పనిలో చేరినరోజే చెప్పా. దానికి తెలియకపోవడమేమిటి!"

నిదానం బావమరిదిని చూశాడు. ఇన్‌స్పెక్టర్ గొట్టం కాలిన వేళ్లు ఊదుకుంటున్నాడు.

"కొట్టాక భయం వేసి తగ్గించి ఉంటుంది," అన్నాడు చివరికి, తనకే అంత నమ్మకం లేని గొంతుతో.

"భయం వేస్తే గడియ తీస్తుంది. గడియ అలాగే ఉంచి మర తిప్పడం ఎందుకు? ఇది తిప్పినవాడికి ఇలాంటి గదులు బాగా తెలుసు, ఈ గది మాత్రం తెలీదు. పైన రాసింది నమ్మాడు."

"నీకు ఆ పిల్లమీద జాలి బావా! దాన్ని చూసిన దగ్గర్నుంచీ దానివైపే మాట్లాడుతున్నావు."

నిదానం గొంతు తగ్గించాడు. "నీకు మాత్రం జాలి ఉండద్దా? పదహారేళ్లప్పుడు నువ్వొచ్చిందీ ఆ హోమ్ గేటులోంచే. పెద్దమ్మ నీ చెయ్యి పట్టుకుని మా ఇంటి గుమ్మంలోకి తీసుకొచ్చి, 'మీ తమ్ముడమ్మా, జాగ్రత్త' అని మీ అక్కకి అప్పజెప్పింది. ఆరోజు మీ అక్క ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది."

"అందుకే!" ఇన్‌స్పెక్టర్ గట్టిగా అన్నాడు. "ఆవిడే లేకపోతే ఈ యూనిఫాం వేసుకుని కాదు, దీన్ని చూసి పారిపోతూ బతికేవాణ్ణి. నా పెళ్లికి ముందు వరసలో కూర్చోబెట్టాను ఆవిణ్ణి. అలాంటి మనిషి తల పగలగొట్టినవాళ్లని నేను ఊరికే వదలాలా?"

"వదలద్దు. దొరికినవాళ్లని కాకుండా కొట్టినవాళ్లని పట్టుకో. ఆవిడ మీద మనిద్దరికీ ఉన్నది ఒక్కటేరా. నీకది కోపంగా బయటికొస్తోంది, అంతే తేడా."

ఇన్‌స్పెక్టర్ ముఖం తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపు కడ్డీకి ఇస్త్రీ చేసిన చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. నిదానం వెళ్లి ఒక కాలరు పట్టుకుని చూశాడు. ఎక్కడా ముడత లేదు, మెరుపు మచ్చ లేదు. కుట్ల దగ్గర కూడా బట్ట సాపుగా కూర్చుంది.

"ఇవి మీరు చేసినవా అమ్మా?"

"నా చేతికంత పనితనం ఎక్కడిదండీ! ఆ పిల్ల చేసినవి. అది వచ్చాక నాకు రెండు హోటళ్ల బేరాలు కొత్తగా వచ్చాయి. పెద్దమ్మగారు పంపబట్టి గాని, అలాంటి పిల్ల నాకు దొరికేదా!"

"మొదట్లో ఎన్ని కాల్చింది?"

"కాల్చడమా?" ఓనరమ్మ నొచ్చుకుంది. "వచ్చినరోజే పరీక్ష పెడదామని సిల్కు చొక్కా ఇచ్చా. పువ్వులా చేసిచ్చింది. ఈరోజుదాకా ఒక్క బట్ట కందితే ఒట్టు."

ఇన్‌స్పెక్టర్ మెల్లిగా వెనక్కి తిరిగాడు. "హోమ్‌లో దాని పేరు మాడు," అన్నాడు.

"అదే నేనూ ఆలోచిస్తున్నా," అన్నాడు నిదానం.

స్టేషన్‌కి తిరిగొచ్చేసరికి హోమ్ వ్యాన్ గేటు దగ్గర నిలబడి ఉంది. సూపరింటెండెంట్ వరండాలో బెంచీ మీద కూర్చుని కానిస్టేబుల్‌తో కబుర్లు చెబుతున్నాడు. లావుపాటి మనిషి, నవ్వు ముఖం. ఇన్‌స్పెక్టర్ని చూసి లేచాడు.

"పిల్లని తీసుకుపోవచ్చాండీ?"

"పది నిమిషాలు కూర్చోండి," అని ఇన్‌స్పెక్టర్ నిదానంతోపాటు గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

నిదానం కూర్చోను కూడా కూర్చోలేదు. "అమ్మా, హోమ్‌లో చొక్కాలు నువ్వు కావాలనే కాల్చావు కదూ?"

అమ్మాయి ఉలిక్కిపడింది. ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది.

"ఈ మాట వల్ల నీ పెరోల్ పోదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ బొంగురుగా. "నాది పూచీ. చెప్పు."

అమ్మాయి చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఏం కనిపించిందో ఏమో, మాట కదిలింది.

"బాగా పనిచేసేవాళ్లకి విడుదల రాదు సార్. బోర్డుకి అది తెలీదు. మాకు తెలుసు."

"ఎలా?"

"ఇస్త్రీ షెడ్డులో నాకంటే ముందునుంచీ ఒక అక్క ఉంది. ఆమె చెయ్యి పడితే పాత బట్ట కొత్తదైపోద్ది. బోర్డు ముందుకి వెళ్లే వారం వచ్చేసరికల్లా ఆమె పరుపు కింద ఏదో ఒకటి దొరికేది. ఓసారి బ్లేడు. ఓసారి సిగరెట్లు. సిగరెట్టు వాసన పడితేనే దగ్గొస్తుంది సార్ ఆమెకి! నడవడిక బాలేదని మళ్లీ వెనక్కి. కుట్టుమిషన్ల దగ్గర బాగా కుట్టేవాళ్లకీ అంతే. చేతకానివాళ్లు మాత్రం హాయిగా వెళ్లిపోయేవాళ్లు. పెద్ద పెద్ద హోటళ్ల బట్టలు, ఆఫీసుల కుర్చీలు అన్నీ మా దగ్గర్నుంచే పోతాయి కదా. మంచి చేతులు పోతే ఆ పనెవరు చేస్తారు? నాకు అర్థమైంది. కాల్చడం మొదలెట్టా."

"ఎవరికీ అనుమానం రాలేదా?"

"తిట్లు తిన్నా, దెబ్బలు తిన్నా. అవేం కాదు గాని, మంచి చొక్కా మీద పెట్టె అలా వదిలేసి పొగ వచ్చేదాకా చూస్తూ నిలబడాలంటే ఎంత కష్టంగా ఉండేదో! ఆ చొక్కా ఏం పాపం చేసింది సార్? ఆఖరికి 'ఇది ఉండీ దండగే' అని నన్ను బోర్డుకి పంపేశారు."

"నిన్న పెద్దమ్మ నీ ఇస్త్రీ చూసింది," అన్నాడు నిదానం.

"అవును. ఎప్పుడూ పొద్దున్నే వచ్చేది, నిన్న సాయంత్రం వచ్చింది. నేను చొక్కాలు చేస్తుంటే అలాగే నిలబడి చూసింది. 'ఇంత బాగా ఎప్పుడు నేర్చావే?' అంది. ఆవిడ దగ్గర అబద్ధం రాలేదు. అంతా విని కుర్చీలో కూలబడి, 'ఇన్నేళ్లూ నేనేం చూశానే' అంది. తర్వాత ఫోన్ తీసి మా సూపరింటెండెంటుకే చేసింది. రేపు బోర్డులో అంతా చెప్తానంది. హోటల్‌కి టేబుల్ గుడ్డలు ఇచ్చే వేళైందని నన్ను పంపేసింది. తిరిగొచ్చేసరికి..."

"ఇదంతా నిన్నే చెప్పుండాల్సింది!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆ అక్క ఇంకా లోపలే ఉంది సార్. నేను నోరిప్పితే ఆమెనేం చేస్తాడో అని."

ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకున్నాడు. "చెక్కపని షెడ్డులో?" అన్నాడు. "అక్కడా ఇంతేనా?"

"అబ్బాయిలు కూడా ఇదే చెప్పుకునేవాళ్లు సార్."

నిదానం బావమరిదిని చూడకుండా కిటికీ వైపు చూశాడు.

"నా పరుపు కింద ఉలి దొరికింది బావా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మొదటిసారి బోర్డుకి వెళ్లబోయే ముందు. నేను దొంగిలించలేదు. కానీ అందరూ అదేపనిగా అంటుంటే, నేనే తీసి మరిచిపోయానేమో అనుకున్నాను. ఇంకో ఏడాది ఉంచారు. ఆ ఏడాదిలోనే నాకు బుద్ధొచ్చిందని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకుంటూ తిరిగాను." ఒక్క క్షణం ఆగాడు. "ఆ ఏడాది చలికాలంలోనే అమ్మ పోయింది."

"తెలుసురా," అన్నాడు నిదానం. ఆ ఏడాది తన భార్య ప్రతి ఆదివారం హోమ్ గేటు దాకా వెళ్లి తిరిగొచ్చిన సంగతి ఆయనకి బాగా తెలుసు.

ఇన్‌స్పెక్టర్ ముఖం తుడుచుకుని, చొక్కా సర్దుకుని తలుపు తీశాడు.

"సూపరింటెండెంట్ గారూ, లోపలికి రండి. ఒక్క చిన్న అనుమానం. డాక్టరు చిత్రంగా చెబుతున్నాడు. గదిలో వేడి తగ్గించి ఉండబట్టి ఆవిడ బతికిందట."

"తగ్గించడమేమిటండీ?" సూపరింటెండెంట్ నవ్వాడు. "మా దగ్గరా అలాంటి గది ఉంది, దాని సంగతి నాకు తెలీదా? కుడివైపు చివరంటా తిప్పాక వేడి తగ్గడం ఎక్కడైనా ఉంటుందా?"

"కుడివైపు తిప్పారని మీకెవరు చెప్పారు?" అన్నాడు నిదానం.

"ఎవరో... మీ కానిస్టేబులే అనుంటాడు."

"నా రిపోర్టులో ఏ వైపన్నది లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ గది చూసిన కానిస్టేబుల్ నిన్న రాత్రి నుంచీ ఆస్పత్రిలో పెద్దమ్మ దగ్గర కాపలా ఉన్నాడు. మీరు అతన్ని కలవనే లేదు."

నవ్వు ముఖం అలాగే ఉంది గాని, అందులోంచి నవ్వు పోయింది. సూపరింటెండెంట్ తలుపు వైపు ఒక అడుగు వేశాడు. ఇన్‌స్పెక్టర్ భుజం తలుపుకి అడ్డంగా ఉంది. అన్నేళ్ల కోపం చేతుల్లోకి వస్తుందేమోనని నిదానం లేచి నిలబడ్డాడు. రాలేదు. ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ని పిలిచి బేడీలు వేయించాడు. మహిళా కానిస్టేబుళ్లని ఇద్దర్ని వెంటనే హోమ్‌కి పంపించి, ఇస్త్రీ షెడ్డులో ఉన్న ఆ అమ్మాయి పక్కనుంచి కదలొద్దని చెప్పాడు.

"థాంక్స్ సార్," అంది ఇస్త్రీ పిల్ల, మెల్లిగా.

"నాకెందుకు? నేను నిన్ను రాత్రంతా లాకప్పులో ఉంచాను."

"ఆ అక్క దగ్గరికి మనుషుల్ని పంపారుగా."

అంతలో ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. పెద్దమ్మ కళ్లు తెరిచింది.

ముగ్గురూ ఆస్పత్రికి చేరేసరికి పెద్దమ్మ తలంతా కట్టుతో, ముఖం పాలిపోయి ఉంది గాని, ఆవిడ కళ్లు మాత్రం ఎప్పటిలాగే మనిషి మనిషినీ వెతుకుతున్నాయి. అమ్మాయిని చూడగానే పెదాలు కదిలాయి.

"ఏమే, ఈవేళ ఏమైనా కాల్చావా?"

అమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది. ఆవిడ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని బుగ్గకి ఆనించుకుంది.

"తలుపు తీసింది ఇదేనట కదా, డాక్టరు చెప్పాడు," అంది పెద్దమ్మ. "బంగారు తల్లి." తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. "నాన్నా, నిన్న ఇది చెబుతుంటే నాకు నీ ఉలి గుర్తొచ్చింది. వాళ్లు చెప్పింది నేనూ నమ్మాను. మీ అమ్మని ఆఖరిసారి చూడనివ్వలేకపోయాను."

"తలుపు వేసింది మీరు కాదు పెద్దమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంటూ. "నాకు తీసింది మాత్రం మీరే. నాకు అదే గుర్తుంది, అదే ఉంటుంది కూడా."

నిదానం కట్టు కట్టిన ఆ తలవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ బతికి మాట్లాడుతోంది. ఆ ఒక్క సంగతికి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక చేతులు కట్టుకున్నాడు.

"సూపరింటెండెంట్ దొరికాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీరింక దేనికీ బెంగపడకండి."

పెద్దమ్మ కళ్లు ఒక్కసారి విచ్చుకున్నాయి. "వాడొక్కడే అనుకుంటున్నారా?"

ఇద్దరూ ముందుకి వంగారు.

"నేను ఫోన్ చేసినప్పుడు వాడి గదిలో ఇంకొకరున్నారు. వాడు మాట తడబడి ఫోన్ ఆయన చేతికిచ్చాడు. 'కంగారు పడకండమ్మా, ఈ సంగతి నేను చూసుకుంటాను, మీరక్కడే ఉండండి, ఎక్కడికీ కదలకండి' అన్నాడాయన. పెద్దమనిషి మాట కదా అని కదలకుండా కూర్చున్నాను. తలుపు చప్పుడైతే ఆయన పంపిన మనిషే అనుకున్నాను."

"ఎవరాయన?"

"బోర్డు ఛైర్మన్."

ఇన్‌స్పెక్టర్ గోడమీద గడియారం చూశాడు. బోర్డు కూర్చుని చాలాసేపైంది. ఇవాళ ఆ గదిలో ముందస్తు విడుదలలు ఆపెయ్యాలని తీర్మానం పెట్టబోయేది ఆయనే. అది నెగ్గిందంటే ఇస్త్రీ షెడ్డులో అక్కతోపాటు ఎవ్వరూ బయటికి రారు. నిన్నటి ఫోన్లో ఛైర్మన్ మాట విన్నది పెద్దమ్మ ఒక్కతే. ఆవిడేమో మంచం దిగే స్థితిలో లేదు.

"ఎవరు వింటారు మన మాట?" అన్నాడు నిదానం. "నేను బయటివాణ్ణి. నువ్వు పోలీసువి, సాక్ష్యం ఎక్కడంటారు. పిల్ల చెబితే, దొంగ పిల్ల మాటంటారు."

"పోలీసుగా చెబితే కదా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. లేచి టోపీ తీసి పెద్దమ్మ మంచం మీద, ఆవిడ చేతి పక్కన పెట్టాడు.

నిదానానికి అర్థమైంది. బావమరిది ఒకప్పుడు ఆ హోమ్‌లో ఉన్నాడన్నది స్టేషన్లో ఏ ఒక్కరికీ తెలియని సంగతి. తెలిస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆపుదామని నోరు తెరిచి, బావమరిది ముఖం చూసి మానుకున్నాడు.

బోర్డు గది తలుపు దగ్గర బంట్రోతు అడ్డుపడ్డాడు. ఇన్‌స్పెక్టర్ అతన్ని పక్కకి జరిపి తలుపు తోశాడు. పొడుగాటి బల్ల చుట్టూ సభ్యులు, చివర్లో ఛైర్మన్. నెరిసిన జుట్టు, చల్లటి కళ్లు. ఇన్‌స్పెక్టర్ని చూసి మర్యాదగా తలూపాడు.

"రండి ఇన్‌స్పెక్టర్. మీ కోసమే చూస్తున్నాం. ఆ పిల్లని హోమ్‌కి అప్పగించేశారా?"

"లేదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. వెనక్కి తిరిగి, గుమ్మంలో ఆగిపోయిన అమ్మాయి చెయ్యి పట్టుకుని తన పక్కకి తెచ్చుకున్నాడు. "ఇక్కడికే తీసుకొచ్చాను. మేమిద్దరం ఒకే హోమ్‌లో పెరిగాం. ఇద్దరం కలిసి చెప్తాం, కూర్చుని వినండి."